నాలుగు సంతకాలు

అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక పాత ఊరు ఉండేది. ఒకప్పుడు ఆ ఊరికి ఉక్కు కార్ఖానా అన్నం పెట్టింది. కార్ఖానా మూతపడ్డాక జనం చాలామంది వెళ్లిపోయారు. ఇళ్లు మాత్రం ఎక్కడివక్కడే మిగిలాయి. గోడకు గోడ ఆనించి వరసలుగా కట్టిన నూరేళ్లనాటి ఇళ్లవి. వాటి తలుపులకూ కిటికీలకూ తరతరాలుగా రంగు మీద రంగు వేస్తూ వచ్చారు. ఆ పాత రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకు సీసం కలిసిన రంగులు వాడకూడదని అమెరికా ప్రభుత్వం 1978లో నిషేధం పెట్టింది. నిషేధం కొత్త డబ్బాలకే వర్తించింది. అప్పటికే కిటికీలకు అంటి ఉన్న రంగును ఎవరూ గీకి తీసుకుపోలేదు.

రంగు పాతబడి పెచ్చులూడింది, పెచ్చులు నలిగి దుమ్మయింది. నేలమీద పాకే పిల్లలు ఆ దుమ్ములో చేతులు పెట్టి, అవే చేతులు నోట్లో పెట్టుకునేవారు. సీసం కొంచెమే లోపలికి పోయినా పసిపిల్లల మెదడుకు చేటు చేస్తుంది. ఇంతవరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదు. పిల్లవాడికి జ్వరం రాదు, ఒళ్లు నొప్పి అనడు. నాలుగేళ్లు గడిచి బడికి పోయాక అక్షరాలు పట్టుబడవు, ఒకచోట కుదురుగా కూర్చోలేడు. అప్పటికి చేయగలిగింది తక్కువ.

ఆ ఊరి ఆరోగ్య కార్యాలయంలో ఒక హెల్త్ ఎడ్యుకేటర్ పనిచేసేది. నెలకోసారి గ్రంథాలయం కింది గదిలో తల్లులను కూర్చోబెట్టి తరగతి చెప్పేది. పిల్లల చేతులు తరచూ కడగాలని, బొమ్మలు కడగాలని చెప్పేది. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము గాల్లోకి లేస్తుందని, అందుకే నేలనూ కిటికీ కింది చెక్కనూ తడిబట్టతో తుడవాలని చేసి చూపించేది. ఇనుము, కాల్షియం, విటమిన్ సి ఉన్న తిండి పెట్టమనేది. ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ తనే రాసిన కరపత్రం చేతికిచ్చి పంపేది. ఆమె మాట మెత్తన, ఓపిక ఎక్కువ. తరగతి అయ్యాక చిన్న పరీక్ష పెడితే దాదాపు అందరూ సరిగ్గానే రాసేవారు. ఎందరు వచ్చారో, ఎన్ని మార్కులు వచ్చాయో ఏడాది చివర నివేదికలో రాసేది. ఆ లెక్కలు ఏటా పెరుగుతూ వచ్చాయి. తరగతులకు డబ్బు ఇచ్చేవారు సంతోషించేవారు.

ఆమె చేతిలో ఆ వృత్తికి సంబంధించిన ధ్రువపత్రం అప్పటికే ఉంది. ఆరోగ్య విద్య నేర్పేవారికి పరీక్ష పెట్టి అర్హత ఇచ్చే జాతీయ సంస్థ 1988లో ఏర్పడింది. దాని కార్యాలయం ఉన్నదీ పెన్సిల్వేనియాలోనే. మొదటి మెట్టు పరీక్ష 1990లో మొదలైంది. అది పాసైనవారు పేరు పక్కన సీహెచ్‌ఈఎస్ అని రాసుకునేవారు. ఐదేళ్లకోసారి 75 గంటల చదువు చూపించి ఆ హోదాను నిలబెట్టుకోవాలి. 2011లో దానిపైన ఇంకో మెట్టు పెట్టారు. ఎంసీహెచ్‌ఈఎస్ అనే ఆ అర్హతకు కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలి, మళ్లీ పరీక్ష రాయాలి.

ఆమె పై అధికారి ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డాడు. ఆ కుర్చీలో కూర్చునేవారికి పై మెట్టు అర్హత ఉంటే బాగుంటుందని కార్యాలయం అనుకుంది. ఆమెకూ ఆ కుర్చీ మీద ఆశ కలిగింది. ఏళ్ల తరబడి మనసుపెట్టి పనిచేసినవారికి అలాంటి ఆశ కలగడంలో తప్పేమీ లేదు. పరీక్ష ఏటా ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ జరిగేది. ఆమె అక్టోబరుకు దరఖాస్తు పెట్టింది. రాత్రిపూట పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టింది.

ఆ పరీక్ష వృత్తి బాధ్యతలను ఎనిమిది భాగాలుగా విడదీసింది. ప్రజల అవసరాలను, వారి శక్తిని అంచనా వేయడం, ప్రణాళిక వేయడం, అమలు చేయడం, ఫలితాన్ని కొలవడం, విధానాలు మారడానికి వాదించడం, జనానికి అర్థమయ్యేలా చెప్పడం, నాయకత్వం, వృత్తిధర్మం. వీటిలో ప్రణాళిక, అమలు, జనానికి చెప్పడం ఆమెకు కొట్టిన పిండి. ఫలితాన్ని కొలవడం దగ్గరికి వచ్చేసరికి పేజీలు సాగలేదు. చదివింది చదివినట్టు మరిచిపోతుంటే, తన తరగతినే ఉదాహరణగా తీసుకుని లెక్క కడితే మనసుకు పడుతుందని ఆమెకు తోచింది. అధికారి అనుమతి తీసుకుంది. పిల్లల రక్తపరీక్షల వివరాలు చూసే నర్సు సాయం అడిగింది.

మొదట తరగతికి వచ్చిన తల్లుల పిల్లల లెక్కలు తీసింది. తరగతికి ముందు రక్తంలో ఉన్న సీసం కన్నా ఏడాది తర్వాత ఉన్న సీసం తక్కువగా కనిపించింది. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. ఆ రాత్రి పుస్తకం మూసి తొందరగా పడుకుంది.

మర్నాడు తర్వాతి పేజీ చదివింది. పాఠం విన్నవారిని మాత్రమే చూసి పాఠం పనిచేసిందని అనకూడదని, విననివారిని కూడా పక్కన పెట్టి చూడాలని ఆ పేజీ చెప్పింది. ఆమె తరగతికి రాని తల్లుల పిల్లల లెక్కలూ తీసింది. వాళ్లలోనూ సీసం తగ్గింది. అంతే తగ్గింది. పొరపాటు పడ్డానేమోనని మొదటి నుంచి మళ్లీ కూడింది. అదే వచ్చింది. కారణం నర్సు చెప్పింది. పాకుతూ కనిపించిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో, రెండేళ్లు వచ్చే సమయానికి, రక్తంలో సీసం అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుందట. పిల్లలు పెరిగేకొద్దీ ఆ అలవాటు పోయి అది దానంతటదే కొంత దిగుతుందట. ఆ దిగడాన్నే ఆమె తన తరగతి ఖాతాలో వేసుకుంది.

ఇంకా వెతికితే ఆ సంగతి తన ఒక్క ఊరిదే కాదని తెలిసింది. అనేక దేశాల వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ, తల్లిదండ్రులకు పాఠాలు చెప్పడం వల్ల గానీ ఇంట్లో దుమ్ము తుడిపించడం వల్ల గానీ పిల్లల రక్తంలో సీసం తగ్గుతుందని తేలలేదని ఏళ్ల కిందటే రాసింది. అది ఎవరైనా తీసి చదువుకోగల చోటే ఉంది. ఆమె ఏటా 75 గంటల లెక్క కోసం కొన్ని గంటల చొప్పున చదువుతూనే వచ్చింది. చెప్పే పద్ధతుల మీద చదివింది, కరపత్రాల మీద చదివింది. చెప్పిన పాఠం ఫలించిందా అన్న వైపు ఆమె చూపు పోలేదు.

ఆమెకు మనసు చివుక్కుమంది. నాలుగు రోజులు పుస్తకం ముట్టలేదు. తర్వాత, లెక్కలోనే ఎక్కడో తప్పు దొరక్కపోతుందా అన్న ఆశతో పాత హాజరు పట్టీలు తీసి ఒక్కొక్క పేరూ చూసుకుంటూ పోయింది. అక్కడ తప్పు దొరికింది. అది ఆమె వెతికిన తప్పు కాదు. ఏడాదిన్నర కాలంలో నాలుగు పట్టీల్లో ఒకే సంతకం ఉంది. ఒకే తల్లి నాలుగుసార్లు వచ్చింది. నివేదికల్లో ఆ తల్లి నలుగురు మనుషులుగా లెక్కకు వచ్చింది. నాలుగుసార్లూ పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకుంది. ఆమె కొడుకు రక్తంలో సీసం మాత్రం, మిగతా పిల్లలకు తగ్గినంత కూడా తగ్గలేదు.

బోధకురాలు ఆ తల్లికి ఫోన్ చేసి, రమ్మన్నాక వాళ్లింటికి వెళ్లింది. తల్లి రాత్రిపూట ఒక పెద్ద గిడ్డంగిలో పెట్టెలు సర్దే పని చేసేది. తెల్లవారి ఇంటికి వచ్చి, నిద్రపోకముందే నేలంతా తుడిచేది. సాయంత్రం పనికి పోయేముందు మళ్లీ తుడిచేది. బకెట్టు, బట్టలు, సబ్బు అన్నీ తరగతిలో చెప్పినట్టే వరసగా పెట్టి ఉన్నాయి. నాలుగుసార్లు ఎందుకు వచ్చిందో ఆ తల్లి సిగ్గుపడుతూ చెప్పుకుంది. రక్తపరీక్ష అయిన ప్రతిసారీ అంకె తగ్గలేదని కబురు వచ్చేది. తాను పాఠం సరిగా వినలేదేమోనని, ఏదో ఒక మెలకువ తనకు అందలేదేమోనని అనుకుని మళ్లీ వచ్చి కూర్చునేది.

అవి ఎండాకాలం రోజులు. పిల్లవాడి గదిలో కిటికీ పైకి లేపి తెరిచే రకం. తల్లి దాన్ని లేపినప్పుడు చెక్క చెక్కను రాసుకుంది, పాత రంగు పొడి కిందికి రాలింది. తల్లి వెంటనే తడిబట్టతో తుడిచింది. సాయంత్రం చల్లబడ్డాక కిటికీ దించింది, మళ్లీ పొడి రాలింది. ఆ కిటికీ తెరిచినన్నాళ్లూ మూసినన్నాళ్లూ దుమ్ము పుడుతూనే ఉంటుంది. దాన్ని మార్చే హక్కు తల్లికి లేదు, ఇల్లు అద్దెది. 1978కి ముందు కట్టిన ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు సీసం సంగతి తెలిస్తే చెప్పాలని, ఒక కరపత్రం ఇచ్చి సంతకం తీసుకోవాలని 1996 నుంచి దేశమంతటా నియమం ఉంది. ఇంటి ఓనరు కరపత్రం ఇచ్చాడు, తల్లి సంతకం పెట్టింది. సీసం తీసేయాలని ఆ నియమం ఓనరుకు చెప్పలేదు.

ఇక్కడ కథ కాస్త ఆపి ఒక మాట చెప్పుకోవాలి. తడిబట్ట పాఠం అబద్ధం కాదు. చేతులు కడగడం మంచిదే, తడిబట్టతో తుడవడం మంచిదే. కానీ ఆ వ్యవహారంలో తల్లి ఉంది, ఓనరు ఉన్నాడు, ఊరి కౌన్సిల్ ఉంది. ఈ ముగ్గురిలో కిటికీని మార్చే శక్తి లేనిది ఒక్క తల్లికే. పాఠమంతా ఆ ఒక్కరికే చెప్పారు. అంకె తగ్గనప్పుడల్లా తప్పు ఆమె మీదే పడింది. ఎవరూ పైకి అనకపోయినా ఆమె అలాగే అర్థం చేసుకుంది. మేలు చేయబోయిన పాఠం ఆ ఇంట్లో ఒక నిందగా మిగిలింది.

అక్టోబరు వచ్చింది. బోధకురాలు పరీక్షా కేంద్రంలో మూడు గంటలు కూర్చుని 165 ప్రశ్నలకు జవాబులు గుర్తు పెట్టింది. వాటిలో లెక్కకు వచ్చేవి 150, మిగతావి ప్రశ్నలనే పరీక్షించి చూడటానికి పెట్టినవి. పాసైంది. పేరు పక్కన ఒక అక్షరం పెరిగింది. కార్యాలయంలో కేకు కోశారు, పై కుర్చీ ఆమెకే ఇచ్చారు.

ఆ కుర్చీలో ఆమె చేసిన మొదటి పని ఏడాది నివేదిక రాయడం. తరగతులు పిల్లల రక్తంలో సీసాన్ని తగ్గించలేదని, నాలుగు సంతకాలు ఒకే మనిషివని ఉన్నది ఉన్నట్టు రాసింది. డబ్బు ఇచ్చేవారు వెనక్కి తగ్గుతారని కార్యాలయంలో పెద్దలు హెచ్చరించారు. వాళ్ల భయం ఉత్తది కాదు. డబ్బు ఇచ్చేవారిలో ఒకరు నిజంగానే తప్పుకున్నారు. ఇంకొకరు ఒక ఏడాది చూద్దామన్నారు.

తర్వాత ఆమె ఊరి కౌన్సిల్ ముందుకు వెళ్లింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరం 2005 డిసెంబరులో ఒక చట్టం చేసిందని, 2006 జులై నుంచి అక్కడ అద్దె ఇళ్లలో సీసం ప్రమాదం ఉందో లేదో తనిఖీ చేస్తున్నారని చెప్పింది. ఇక్కడా అలాంటి నియమం కావాలని అడిగింది. ఇళ్ల ఓనర్లు గట్టిగా అడ్డుపడ్డారు. ఒక ఓనరు ఆమె రాసిన కరపత్రాన్నే పైకెత్తి చూపించాడు. తల్లులు తడిబట్టతో తుడిస్తే చాలునని ఆరోగ్య కార్యాలయమే ఇన్నేళ్లుగా చెబుతున్నప్పుడు కిటికీల ఖర్చు తమ నెత్తిన ఎందుకు పెడతారని అడిగాడు. ఆమె దగ్గర ఆ పూట జవాబు లేదు. తీర్మానం వీగిపోయింది.

ఆమె కరపత్రాలన్నీ వెనక్కి తెప్పించి కొత్తవి రాసింది. గ్రంథాలయం కింది గదిలో తరగతి ఆగలేదు, చెప్పే విషయం మారింది. అద్దె పత్రంలో ఏముందో చదవడం, కిటికీ దగ్గర దుమ్ము నమూనా తీయించడం, కౌన్సిల్ సమావేశంలో పౌరులకిచ్చే మూడు నిమిషాల్లో భయపడకుండా తమ మాట చెప్పుకోవడం, ఇవి తల్లులకు నేర్పింది. ఓనర్ల కోసం ఇంకో తరగతి పెట్టింది. పాత రంగు తీసే పని దుమ్ము లేపకుండా ఎలా చేయాలో, అందుకు శిక్షణ పొందినవారు ఎక్కడ దొరుకుతారో చెప్పింది. ఆ ఓనర్లలో రెండే ఇళ్లున్న ముసలాయన ఒకడు ఉన్నాడు. కిటికీలన్నీ మార్చే స్తోమత అతనికి నిజంగానే లేదు. అలాంటివారి కోసం కేంద్ర గృహశాఖ ఇచ్చే నిధులకు ఊరి తరఫున దరఖాస్తు రాసింది. తాను ఒక్కతే చెప్పుకుంటూ పోతే చాలదని, కొత్తగా చేరిన ఇద్దరు హెల్త్ ఎడ్యుకేటర్లకు మొదటి నెలలోనే లెక్కలు తీసే పని అప్పజెప్పింది. తరగతికి రానివారిని కూడా పక్కన పెట్టి చూడమంది.

మరుసటి ఏడాది తీర్మానం మళ్లీ కౌన్సిల్ ముందుకు వచ్చింది. ఈసారి ఆమె వెనక వరసలో కూర్చుంది. నాలుగు సంతకాలు పెట్టిన తల్లి లేచి తన మూడు నిమిషాలు వాడుకుంది. నాలుగు హాజరు పట్టీల నకళ్లు సభ్యుల ముందు పెట్టింది. చెప్పినదంతా చేశానని, ఇంకేం చేయాలో తెలిసినవారు తనకు చెప్పాలని అడిగింది. ఆమెకు జవాబు చెప్పడానికి ఎవరూ లేవలేదు. కిందటేడు అడ్డుపడిన ముసలాయన లేచి, నిధులు వస్తే తన రెండు ఇళ్లూ ముందు మార్పిస్తానన్నాడు. తీర్మానం నెగ్గింది.

కిటికీలు ఒక్కరోజులో మారలేదు. ఒక వీధి తర్వాత ఒక వీధి, కొన్ని ఇళ్లకు రెండేళ్లు పట్టింది. ఆ తల్లి పెద్దకొడుకు మెదడుకు జరిగిన నష్టం వెనక్కి రాలేదు. సీసం చేసే చేటు అలాంటిది. చదువులో వాడికి బడి ప్రత్యేకంగా సాయం చేయాల్సి వచ్చింది. కొత్త కిటికీలు పెట్టాక ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. ఏడాదికీ రెండేళ్లకీ ఆ పిల్లకు రక్తపరీక్ష చేశారు. ఎక్కువ సీసం ఉన్న పిల్లలను గుర్తించడానికి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021లో పెట్టిన హద్దు, డెసిలీటరు రక్తానికి 3.5 మైక్రోగ్రాములు. రెండుసార్లూ ఆ పిల్ల అంకె దానికి కిందనే ఉంది. ఆ ఏడాది బోధకురాలి నివేదికలో తరగతికి వచ్చినవారి సంఖ్య మునుపటికన్నా తగ్గింది. దాని పక్కన మార్చిన కిటికీల సంఖ్య, పిల్లల రక్తపరీక్షల అంకెలు కొత్తగా చేరాయి.

ఆమెకు ఆ పెద్ద పరీక్ష చేసిన మేలు పేరు పక్కన చేరిన అక్షరం కాదు. ఇన్నేళ్లు చెప్పిన పాఠం వల్ల ఏం జరిగిందో వెళ్లి చూసేలా చేసింది, పాఠం వినవలసినవారు ఇంకెవరో వెతికేలా చేసింది. నేర్పేవాడి అర్హతను నేర్చుకున్నవాడి ఇంట్లోనే తూచాలి. అమెరికాలో పబ్లిక్ హెల్త్ చదివి ఈ పరీక్షల దారి పట్టే మన తెలుగు పిల్లలకు ఒక విన్నపం: పుస్తకంతో పాటు మీ హాజరు పట్టీలూ తీయండి, అందులో మళ్లీ మళ్లీ కనిపించే పేరు ఎవరిదో చూసి ఆ ఇంటికి వెళ్లి రండి.